మాగ్నం రైఫిల్ తన్నుడిని ఎలా తట్టుకోవాలి: విశాఖ నుంచి అమెరికా వెళ్లే మనవాళ్ల కోసం

నవంబర్ మొదట్లో టెక్సాస్‌లో జింకల వేట సీజన్ మొదలవుతుంది. దానికి నెల ముందు నుంచే డల్లాస్, హ్యూస్టన్ వైపు ఉన్న మన వైజాగ్ పిల్లలు ఫోన్లు చేస్తుంటారు. "మావయ్యా, మా ఆఫీసులో ఒకాయన 300 విన్‌మాగ్ కాల్పిస్తానంటున్నాడు, భుజం ఊడిపోతుందని అందరూ భయపెడుతున్నారు, నిజమేనా?" అని. 300 విన్‌మాగ్ అంటే 300 వించెస్టర్ మాగ్నం, మామూలు రౌండ్ల (తూటాల) కన్నా ఎక్కువ పౌడర్, అంటే మందుపొడి, నింపే మాగ్నం రకాల్లో ఒకటి. పేలినప్పుడు రైఫిల్ వెనక్కి కొట్టే దెబ్బే తన్నుడు. భుజం ఊడిపోదు. కానీ ఏ తయారీ లేకుండా వెళ్లి వరసపెట్టి ఒక డబ్బా రౌండ్లు కాల్చేస్తే భుజం కన్నా పెద్ద నష్టం జరుగుతుంది, అది నెలల తరబడి వదలదు. దాన్నే షూటర్లు ఫ్లించ్ అంటారు. ట్రిగ్గర్ పడబోయే క్షణంలో మన ప్రమేయం లేకుండానే కళ్లు మూసుకుపోతాయి, భుజం ముందుకు తోస్తుంది, గుండు ఎక్కడికో పోతుంది. నా దృష్టిలో మాగ్నం నేర్చుకోవడం అంటే ఈ ఒక్కదాన్ని ఒంట్లోకి రానివ్వకుండా చూసుకోవడమే. రైఫిల్ బరువు, రౌండ్‌లో పౌడర్, కూర్చునే పద్ధతి, చెవులకి ఏం పెట్టుకుంటారు, రోజుకి ఎన్ని కాలుస్తారు, అన్నీ దీని కోసమే చూసుకోవాలి.

ముందు చట్టం

ఇందులో మనవాళ్లు తెలియక ఇరుక్కునే అవకాశం ఎక్కువ కాబట్టి ముందే చెప్తున్నా. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు, అంటే ఎఫ్-1 మీద చదువుకుంటున్న పిల్లలు, హెచ్-1బి మీద ఉద్యోగం చేసేవాళ్లు, బి-2 మీద మనవల్ని చూడ్డానికి వెళ్లిన తల్లిదండ్రులు, మామూలుగా తుపాకీ గానీ అమ్యునిషన్ గానీ దగ్గర ఉంచుకోకూడదు. షూటింగ్ రేంజ్‌లో అద్దెకి తీసుకుని కాసేపు కాల్చి ఇచ్చేసినా అది ఇందులోకే వస్తుంది. మినహాయింపుల్లో మనవాళ్లకి ఎక్కువగా పనికొచ్చేది ఒకటి: అమెరికాలో ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్స్ చేతిలో ఉండటం. గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లకి ఈ ఇబ్బంది లేదు. టెక్సాస్‌లో 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు వేటకి వెళ్లాలంటే హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు కూడా చెయ్యాలి. "ప్రైవేటు పొలంలో అడవి పందులకి లైసెన్స్ అక్కర్లేదు" అని అక్కడివాళ్లు చెప్తారు, 2019 నుంచి అది నిజమే, కానీ అది రాష్ట్రం ఇచ్చిన వెసులుబాటు మాత్రమే. వీసా మీద ఉన్నవాళ్లకి ఫెడరల్ చట్టం అలాగే ఉంటుంది, కాబట్టి లైసెన్స్ తీసుకునే వెళ్లండి. తేడా వస్తే పోయేది జరిమానా డబ్బులు కాదు, వీసాయే.

ఇక్కడి సంగతి మరీ సూటి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత సరదాకి వేట అన్నది మన దేశంలో లేదు, కంబాలకొండలో అయినా పాడేరు అడవుల్లో అయినా అంతే. రౌండ్లు ఇంట్లో తయారు చేసుకోవడం, అంటే హ్యాండ్‌లోడింగ్, లైసెన్స్ లేకుండా చేస్తే 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షన్‌ని ఉల్లంఘించినట్టే. 2019 సవరణ తర్వాత శిక్ష 7 ఏళ్ల నుంచి యావజ్జీవం దాకా ఉంది. కింద హ్యాండ్‌లోడింగ్ గురించి నేను రాసేది అమెరికాలో చట్టప్రకారం లోడ్ చేసుకునే స్నేహితుడి బల్ల పక్కన కూర్చున్నప్పుడు ఆయన ఏం చేస్తున్నాడో, మీకిచ్చే రౌండ్‌లో ఏముందో అర్థం కావడానికే. ఇక్కడ ఎవరూ ప్రయత్నించొద్దు.

తన్నుడు ఎక్కడి నుంచి వస్తుంది

ఇంటర్ ఫిజిక్స్‌లో చదివిన ద్రవ్యవేగ నిత్యత్వమే. ముందుకు వెళ్లేవాటి బరువుని వేగంతో గుణించి కలిపితే ఎంతొస్తుందో, రైఫిల్ అంతా వెనక్కి తెచ్చుకుంటుంది. ముందుకు వెళ్లేవి రెండు, బుల్లెట్ ఒకటి, పౌడర్ కాలి అయిన గ్యాస్ ఒకటి. రెండోదాన్ని చాలామంది మర్చిపోతారు. పౌడర్ కాలిపోయినా దాని బరువు ఎక్కడికీ పోదు, పైగా ఆ గ్యాస్ బ్యారెల్ మూతి దగ్గర బుల్లెట్ కన్నా వేగంగా ఎగజిమ్ముతుంది. పెద్ద రైఫిళ్ల లెక్కల్లో గ్యాస్ వేగాన్ని బుల్లెట్ వేగానికి 1.75 రెట్లుగా తీసుకుంటారు.

300 విన్‌మాగ్‌లో 180 గ్రెయిన్ల బుల్లెట్ తీసుకోండి, అంటే 11.7 గ్రాములు. వేగం సెకనుకి 900 మీటర్లు, పౌడర్ 4.7 గ్రాములు అనుకుందాం (ఇది లెక్క కోసం చెప్పిన అంకె, లోడింగ్ డేటా కాదు). స్కోపుతో (గురి చూసే దుర్బిణితో) కలిపి రైఫిల్ 3.6 కిలోలుంటే అది సెకనుకి దాదాపు 5 మీటర్ల వేగంతో, సుమారు 45 జౌల్స్ శక్తితో మీ భుజం మీదకి వస్తుంది. అదే బరువున్న రైఫిల్‌లో వేరే రకాల రౌండ్లు చూస్తే, 6.5 క్రీడ్‌మోర్ అయితే సుమారు 18 జౌల్స్, 308 అయితే 23, 30-06 అయితే 30, 338 విన్‌మాగ్ అయితే 51. అంటే 308 కాల్చి "ఓస్ ఇంతేనా" అనుకున్నవాడికి 300 విన్‌మాగ్ దాదాపు రెట్టింపు తగులుతుంది. ఎన్‌సీసీలోనో క్లబ్బులోనో 22 బోర్ చిన్న రైఫిల్ కాల్చిన అనుభవం ఉన్నవాళ్లకి ఇది ఊహకి అందదు, 22 తన్నుడు ఒక్క జౌల్ కూడా ఉండదు.

ఈ లెక్కలోంచి పనికొచ్చే సంగతులు రెండు బయటికొస్తాయి. ఒకటి, 300 విన్‌మాగ్ తన్నుడులో గ్యాస్ వాటాయే 40 శాతం దాకా ఉంది. వేగం కోసం ఎక్కువ పౌడర్ నింపే రౌండ్ కాబట్టే మాగ్నం అలా తంతుంది, బుల్లెట్ చూస్తే 30-06లో పెట్టే 180 గ్రెయిన్లదే. రెండు, రైఫిల్ బరువు పెరిగితే తన్నుడు బాగా తగ్గుతుంది. అదే 300 విన్‌మాగ్‌ని 4.5 కిలోల రైఫిల్‌లో కాలిస్తే 45 జౌల్స్ కాస్తా 36కి దిగుతుంది. కొండలెక్కడానికి బాగుంటుందని కొనే ఫెదర్‌వెయిట్ మాగ్నం రైఫిళ్లు నేర్చుకునేవాళ్లకి అస్సలు సరిపోవు, నన్నడిగితే వాటిని మొదటి ఏడాది ముట్టుకోకపోవడమే మంచిది.

మొత్తం తన్నుడు ఎంతన్నది ఒకటైతే, అది ఎంత సేపట్లో, ఎంత వైశాల్యం మీద తగులుతుందన్నది ఇంకొకటి. క్రికెట్ బంతి పట్టేటప్పుడు చేతులు వెనక్కి లాగుతాం కదా, రైఫిల్ వెనక చివర, అంటే భుజానికి ఆనే బట్‌కి తగిలించే రికాయిల్ ప్యాడ్ చేసేది అదే, దెబ్బని కొంచెం ఎక్కువ సేపటికి పరుస్తుంది. కాబట్టి పాత రైఫిల్‌కి గట్టి ప్లాస్టిక్ బట్‌ప్లేట్ ఉంటే ముందు దాన్ని మార్పించాలి. లింబ్‌సేవర్, పాక్‌మేయర్ లాంటి మెత్తటి రబ్బరు ప్యాడ్లు దొరుకుతాయి, ఖర్చు పెట్టిన దానికి ఇంత ఫలితం ఇచ్చేది ఇంకొకటి లేదు.

అసలు మాగ్నం కావాలా

ఇది మొహమాటం లేకుండా అడగాల్సిన ప్రశ్న. 7 ఎంఎం రెమింగ్టన్ మాగ్నం 1962లో, 300 వించెస్టర్ మాగ్నం 1963లో వచ్చాయి, ఈ రెండూ దూరపు కాల్పులకీ, ఎల్క్ లాంటి పెద్ద జంతువులకీ పేరు తెచ్చుకున్నాయి. టెక్సాస్‌లో కనిపించే వైట్‌టెయిల్ జింకకి 243 గానీ 6.5 క్రీడ్‌మోర్ గానీ 308 గానీ నిక్షేపంలా సరిపోతుంది. 308తో గుండెకాయ మీద పెట్టగలిగినవాడు, మాగ్నంతో పొట్టలో కొట్టి జంతువుని గాయంతో వదిలేసేవాడి కన్నా వెయ్యి రెట్లు మేలు. తగలాల్సిన చోట తగలకపోతే ఎంత వేగమున్నా లాభం లేదు, పైగా ఆ బాధ పడేది నోరు లేని జంతువు. కొలరాడోకి ఎల్క్ కోసం వెళ్తున్నారు, దూరం నుంచి కాల్చాల్సి రావచ్చు అంటే అప్పుడు మాగ్నం గురించి ఆలోచించండి, అది కూడా చిన్న రైఫిల్‌తో చెయ్యి కుదిరాక.

ఫ్లించ్ ఎలా ఉంటుందో

డల్లాస్ బయట ఒక రేంజ్‌లో లైన్ వెనక కుర్చీలో కూర్చుని చూశాను. ఒక కుర్రాడు మాగ్నంతో వంద గజాల కాగితం మీద కాలుస్తున్నాడు, గుళ్లు చెయ్యంత వెడల్పున, ఎక్కువ కిందికి పడుతున్నాయి. స్కోపు చెడిపోయిందని అతని గట్టి నమ్మకం. పక్కనున్న పెద్దాయన ఏమీ వాదించకుండా "రౌండ్లు నేను ఎక్కిస్తాను, నువ్వు తిరిగి చూడకు" అన్నాడు. ఒకటి అసలుది పెట్టాడు, పేలింది. తర్వాత పేలని డమ్మీ రౌండ్ పెట్టాడు. కుర్రాడు ట్రిగ్గర్ లాగాడు, టిక్ అని చిన్న చప్పుడు, అంతే. కానీ బ్యారెల్ మూతి బెత్తెడు కిందికి వంగింది, కుడి భుజం ముందుకి దూసింది, రెండు కళ్లూ గట్టిగా మూసుకుపోయాయి. పేలని రైఫిల్‌కి ఒళ్లంతా దెబ్బ తిన్నట్టు కదిలింది. అతను తల ఎత్తి కాసేపు బోల్ట్ వైపే చూస్తూ ఉండిపోయాడు. ఇక స్కోపు మాట ఎత్తలేదు. పెద్దాయన మాగ్నం తీసి కవర్లో పెట్టేసి చేతికి 22 ఇచ్చాడు.

ఈ డమ్మీ కసరత్తు కన్నా గొప్ప పరీక్ష లేదు. స్నేహితుణ్ని పక్కన పెట్టుకుని, అసలువీ డమ్మీలూ కలిపి, ఏది ఎప్పుడొస్తుందో తెలియకుండా ఎక్కించమనండి. డమ్మీ మీద టిక్ అన్నప్పుడు స్కోపులో గురి చూసే అడ్డం నిలువు గీతలు, అంటే క్రాస్‌హెయిర్, కదలకుండా నిలబడితే మీరు బాగున్నట్టు. కదిలిందంటే ఆ రోజుకి మాగ్నం ఆపెయ్యాలి. ఇంకో నాలుగు కాల్చి సర్దుకుందాం అని మొండికేస్తే ప్రతి దెబ్బతో మెదడు ఇంకాస్త భయం నేర్చుకుంటుంది. మాగ్నం సెషన్‌కి నా లెక్క 10 రౌండ్లు, మహా అయితే 15. మధ్య మధ్యలో 22 కాల్చండి, బ్యారెల్ కూడా చల్లబడుతుంది.

చెవులు

నన్నడిగితే ఫ్లించ్‌లో సగం భుజం వల్ల కాదు, చెవుల వల్ల వస్తుంది. పెద్ద రైఫిల్ చప్పుడు 160 డెసిబెల్స్ దాటుతుంది, చెవికి ప్రమాదం 140 దగ్గరే మొదలు. లోపల ఫోమ్ ప్లగ్గులు, వాటి పైన మఫ్స్, రెండూ పెట్టుకోండి. మొదటిసారి రెండూ పెట్టుకుని కాల్చినవాళ్లు "ఇది తక్కువ తంతోంది" అంటారు, రైఫిల్ మాత్రం అదే. మూతికి మజిల్ బ్రేక్ ఉన్న రైఫిల్ అయితే ఇది మరీ ముఖ్యం. బ్రేక్ చేసే పని గ్యాస్‌ని పక్కలకీ వెనక్కీ మళ్లించడం. మాగ్నంలో గ్యాస్ వాటా ఎక్కువని పైన లెక్క చూశాం కదా, అందుకే మాగ్నం మీద బ్రేక్ అంత బాగా పనిచేస్తుంది, తన్నుడు మూడో వంతు దాకా, ఒక్కోసారి ఇంకా ఎక్కువే తగ్గుతుంది. కానీ ఆ గ్యాస్‌తో పాటు చప్పుడు కూడా మీ వైపూ పక్కవాళ్ల వైపూ తిరుగుతుంది. వేటలో గైడ్ పక్కన నిలబడి ఉన్నప్పుడు చెప్పకుండా బ్రేక్ ఉన్న రైఫిల్ పేల్చడం అంటే ఆయన చెవులు పాడు చెయ్యడమే. కళ్లద్దాలు కూడా తప్పనిసరి, చూపుకి వాడేవి కాదు, దెబ్బ ఆపేవి.

రైఫిల్ మీకు సరిపోవాలి

అమెరికన్ రైఫిళ్లు ఎక్కువగా సుమారు 34 సెంటీమీటర్ల లెంగ్త్ ఆఫ్ పుల్‌తో వస్తాయి, అంటే ట్రిగ్గర్ నుంచి బట్ చివర దాకా ఉన్న దూరం. చిన్నగా ఉండేవాళ్లకి ఇది పొడవైపోతుంది, బట్ భుజం గుంటలో కూర్చోకుండా చెయ్యి కండ మీదకి జారుతుంది, మర్నాడు అక్కడే నల్లగా కమిలిపోతుంది. మరీ పొట్టిదైతే ఇంకో ప్రమాదం, స్కోపు కంటికి దగ్గరై కనుబొమ మీద అర్ధచంద్రాకారంలో కోస్తుంది. మాగ్నం మీద పెట్టే స్కోపుకి ఐ రిలీఫ్, అంటే కంటికీ స్కోపుకీ మధ్య ఉండాల్సిన దూరం, కనీసం 9 సెంటీమీటర్లు ఉండేలా చూసుకోండి. తల ముందుకు చాచి స్కోపులోకి తొంగి చూడొద్దు. రైఫిల్‌ని మొహం దగ్గరికి తెచ్చుకోవాలి, మొహం రైఫిల్ దగ్గరికి వెళ్లకూడదు. కళ్లు మూసుకుని రైఫిల్ భుజానికెత్తి, చెంప ఆనించి, కళ్లు తెరిచి చూడండి. స్కోపులో బొమ్మ నిండుగా, చుట్టూ నల్ల నీడ లేకుండా కనిపిస్తే సరిపోయింది, లేకపోతే స్కోపుని ముందుకో వెనక్కో జరపాలి. చలికాలం అక్కడ దళసరి కోటు వేసుకుంటారు, కోటు వేసుకునే సరిచూడండి, ఎందుకంటే ఆ మందం వల్ల లెక్క మారిపోతుంది.

స్టాక్ (రైఫిల్‌ని పట్టుకునే చెక్క లేదా ప్లాస్టిక్ భాగం) ఆకారం కూడా చూడాలి. బట్ వైపు బాగా కిందికి వంగిన పాత స్టాక్ అయితే రైఫిల్ వెనక్కి వస్తూ పైకి లేస్తుంది, చెంప మీద కొడుతుంది. నిటారుగా ఉన్న స్టాక్ నేరుగా వెనక్కే వస్తుంది, అదే నయం.

ఒళ్లు ఎలా పెట్టాలి

అన్నిటికన్నా గట్టిగా తగిలేది బెంచి మీద, ఈ సంగతి కొత్తవాళ్లకి ఎవరూ చెప్పరు. నిలబడి కాల్చినప్పుడు నడుము నుంచి ఒళ్లంతా వెనక్కి ఊగి దెబ్బని మింగేస్తుంది. బెంచి మీద ముందుకి వంగి, మోచేతులు బల్లకి పాతేసి కూర్చుంటే ఒళ్లు కదలడానికి చోటుండదు, మొత్తం భుజం ఎముక మీదే దిగుతుంది. అందుకని బెంచి మీద సాండ్‌బ్యాగులు ఎత్తుగా పెట్టుకుని వీపు నిటారుగా ఉండేలా కూర్చోండి, ఛాతీ లక్ష్యం వైపు చూసేలా తిప్పండి. పక్కకి తిరిగి కూర్చుంటే బట్ కాలర్ ఎముక మీదకో చెయ్యి మీదకో జారుతుంది. కాలర్ ఎముక కింద వేలితో నొక్కితే మెత్తటి గుంట దొరుకుతుంది, బట్ కూర్చోవాల్సింది అక్కడ. గట్టిగా అదిమి పట్టక్కర్లేదు, కానీ భుజానికీ ప్యాడ్‌కీ మధ్య ఖాళీ ఉండకూడదు, ఖాళీ ఉంటే రైఫిల్ వేగం అందుకుని వచ్చి గుద్దుతుంది. 22కి ముందు చెయ్యి బ్యాగు కింద పెట్టుకున్నా నడుస్తుంది గానీ మాగ్నం అయితే ఆ చేత్తో ఫోరెండ్‌ని, అంటే స్టాక్ ముందు భాగాన్ని, పట్టుకోవాలి, లేకపోతే ముందు భాగం ఎగిరిపోతుంది.

రేంజ్‌లో లెడ్ స్లెడ్ అని ఒక ఇనుప స్టాండు కనిపిస్తుంది, దాని మీద సీసం బస్తాలు వేసి రైఫిల్ బిగిస్తారు. జీరో చేసుకోవడానికి, అంటే స్కోపు గురిని గుళ్లు పడే చోటుకి సరిచేసుకోవడానికి, బాగుంటుంది, అయితే బరువు మరీ ఎక్కువ వేస్తే రైఫిల్ అసలు కదలలేదు, అప్పుడు ఆ బలమంతా స్టాక్ మీదా స్కోపు మౌంటు మీదా పడుతుంది. చెక్క స్టాకులు పగిలిన సందర్భాలున్నాయి. తక్కువ బరువు వేసుకుని, కొంచెం జరగనివ్వండి. పడుకుని కాల్చేటప్పుడు ఒళ్లు రైఫిల్‌కి సూటిగా వెనకే ఉండాలి, ఏటవాలుగా పడుకుంటే ప్రతి దెబ్బకీ రైఫిల్ ఒక పక్కకి గెంతుతుంది. భుజానికి ఆపరేషన్ అయినవాళ్లూ, కంట్లో రెటీనా సమస్య ఉన్నవాళ్లూ డాక్టర్ని అడక్కుండా మాగ్నం జోలికి వెళ్లొద్దు.

హ్యాండ్‌లోడింగ్‌తో తన్నుడు తగ్గించడం

అమెరికాలో గట్టి షూటర్లు చాలామంది సొంతంగా లోడ్ చేసుకుంటారు. మాగ్నం విషయంలో దానివల్ల పెద్ద లాభం, నేర్చుకునేవాడికి తేలిక రౌండ్లు చేసివ్వొచ్చు. పైన లెక్కలో రౌండ్ వైపు రెండు మీటలున్నాయి కదా, బుల్లెట్ బరువు, పౌడర్ బరువు. 180 బదులు 150 గ్రెయిన్ల బుల్లెట్ పెట్టి, వేగం సెకనుకి 820 మీటర్ల దాకా తగ్గించి, అందుకు తగ్గ తక్కువ పౌడర్ వాడితే అదే 3.6 కిలోల రైఫిల్ 45 బదులు దాదాపు 25 జౌల్స్ దగ్గర తంతుంది, అంటే 308 స్థాయికి వచ్చినట్టే. లోడ్ చేసుకోనివాళ్ల కోసం కొన్ని కంపెనీలు ఫ్యాక్టరీలోనే ఇలాంటి తక్కువ తన్నుడు రౌండ్లు చేసి అమ్ముతాయి, హార్నడీ కస్టమ్ లైట్ అలాంటిదే.

పని క్రమం పైకి మామూలుగానే ఉంటుంది. కాల్చిన ఇత్తడి కేసుని శుభ్రం చేసి, డై అనే అచ్చులో నొక్కి కొలతకి తెచ్చి, పొడవు పెరిగితే కత్తిరించి, పౌడర్‌కి నిప్పంటించే కొత్త ప్రైమర్ అడుగున కూర్చోబెట్టి, తూచిన పౌడర్ పోసి, బుల్లెట్ దించుతారు. ప్రమాదమంతా పౌడర్ దగ్గర. తగ్గించడం అంటే మాన్యువల్‌లో ఉన్న పౌడర్‌నే సగం పొయ్యడం అనుకుంటే చాలా తప్పు. మాగ్నంలో వాడే నెమ్మదిగా మండే పౌడర్‌ని మాన్యువల్ చెప్పిన కనిష్ఠం కన్నా తగ్గిస్తే పెద్ద కేసులో ఖాళీ ఎక్కువై, అది సరిగా అంటుకోక, ఒత్తిడి ఒక్కసారిగా పెరిగి రైఫిల్ పగిలే ప్రమాదం ఉంది. తక్కువ పోస్తే క్షేమం అన్న మామూలు తర్కం ఇక్కడ పనిచెయ్యదు. తేలిక లోడ్లకి తగిన పౌడర్లు వేరే ఉంటాయి, హాడ్జ్‌డన్ కంపెనీ తన హెచ్4895 పౌడర్‌కి గరిష్ఠ మోతాదులో 60 శాతం మిగిలేదాకా తగ్గించుకోవచ్చని తనే చెప్తుంది. ఇలా తయారుచేసిన కంపెనీ రాతపూర్వకంగా ఇచ్చిన డేటా ఉంటేనే తగ్గించాలి, ఎవరో చెప్పిన లోడ్ ఎంత పాత షూటర్ చెప్పినా సరే వాడకూడదు.

ఇంకో మెలిక ఉంది. పూర్తి మాగ్నం లోడ్‌లో పౌడర్ కేసుని దాదాపు నింపేస్తుంది, పొరపాటున రెండుసార్లు పోస్తే పొంగి బయట పడి తెలిసిపోతుంది. తేలిక లోడ్‌లో రెండు మోతాదులూ లోపల పట్టేయొచ్చు, అలా పట్టిన రౌండ్ పేలితే రైఫిలూ మిగలదు, మనిషి మొహమూ మిగలదు. అందుకే జాగ్రత్త ఉన్నవాళ్లు కేసులన్నీ చెక్క దిమ్మలో వరసగా నిలబెట్టి, బుల్లెట్లు దించే ముందు టార్చి వేసి ప్రతి కేసులో పౌడర్ మట్టం ఒకేలా ఉందో లేదో చూస్తారు, బల్ల మీద ఒక్క పౌడర్ డబ్బా తప్ప ఇంకోటి ఉంచరు, ఆ పని చేస్తున్నంతసేపూ ఫోన్ ఎత్తరు. మీ స్నేహితుడు టీవీ చూస్తూ లోడ్ చేసే రకమైతే ఆయనిచ్చిన రౌండ్లు మర్యాదగా వద్దనండి, షాపులో కొన్న ఫ్యాక్టరీ రౌండ్లు చాలు.

మాగ్నం కేసుకి అడుగున ఒక పట్టీ ఉంటుంది. 1912లో వచ్చిన 375 హెచ్ అండ్ హెచ్ నుంచి 300 విన్‌మాగ్‌కీ 7 ఎంఎం రెమ్ మాగ్‌కీ ఆ పట్టీ వచ్చింది. కేసుని డైలో మరీ లోపలికి నొక్కి కేసు భుజాన్ని, అంటే మెడ కింది వాలు భాగాన్ని, వెనక్కి నెట్టేస్తే, పేలినప్పుడల్లా పట్టీకి పైన ఇత్తడి సాగి పలచబడుతుంది, కొన్ని వాడకాలకి అక్కడే తెగిపోతుంది. బయటి నుంచి చూస్తే మెరుస్తూ ఒక గీత కనిపిస్తుంది, కనిపించకపోయినా పేపర్ క్లిప్పుని చాపి, చివర చిన్న కొక్కెంలా వంచి, కేసు లోపలి గోడ వెంట పైకి లాగితే పట్టీ పై భాగంలో గాడి తగిలి ఆగుతుంది. అలా తగిలిన కేసుని శ్రావణంతో నొక్కి పారెయ్యాలి. 300 విన్‌మాగ్‌కి అమెరికా ప్రమాణాల ప్రకారం గరిష్ఠ ఒత్తిడి 64,000 పీఎస్ఐ, అంత ఒత్తిడికి పలచబడ్డ ఇత్తడి ఆగదు. కాల్చాక బోల్ట్ పైకెత్తడానికి బలం కావాల్సొచ్చినా, ప్రైమర్ చదునైపోయినా, కేసు అడుగున ఎజెక్టర్ (ఖాళీ కేసుని బయటికి తోసే భాగం) గుర్తు మెరుస్తున్నా ఆ లోడ్ అక్కడితో ఆపెయ్యాలి. టెక్సాస్ ఎండలో కారు డ్యాష్‌బోర్డ్ మీద వదిలేసిన రౌండ్లలో ఒత్తిడి ఇంకా పెరుగుతుంది, వాటిని నీడలో ఉంచండి.

తేలిక లోడ్‌తో నేర్చుకున్నాక వేటకి వెళ్లేటప్పుడు రెండు చూసుకోవాలి. తేలిక లోడ్ జీరోకీ పూర్తి లోడ్ జీరోకీ సంబంధం ఉండదు, మళ్లీ కాగితం మీద చూసుకోవాలి. తేలిక లోడ్‌తోనే వేటాడతాను అంటే వేట బుల్లెట్ విచ్చుకోవడానికి కనీస వేగం ఉంటుంది, చాలా బుల్లెట్లకి అది సెకనుకి 550 మీటర్ల చుట్టుపక్కల, కాబట్టి దూరం తగ్గించుకోవాలి. వేటలో ఉద్రేకంలో ఉన్నప్పుడు ఎవరికీ తన్నుడు తెలియదు, అందుకని సాధనంతా తేలికవాటితో చేసి, జీరో చూసుకోవడానికీ చివర్లో కాస్త అలవాటుకీ మాత్రం పూర్తి లోడ్లు వాడటం నాకు నచ్చిన పద్ధతి.

వైజాగ్‌లో ఉండగానే చెయ్యగలిగేవి

విమానం ఎక్కే ముందే సగం పని అయిపోవచ్చు. 4.5 మిల్లీమీటర్ల, 20 జౌల్స్ లోపు ఎయిర్ రైఫిల్‌కి మన దగ్గర ఆయుధ లైసెన్స్ అక్కర్లేదు. 10 మీటర్ల రేంజ్ ఉన్న క్లబ్బులో చేరి ట్రిగ్గర్ నేర్చుకోండి, ముఖ్యంగా ఫాలో త్రూ, అంటే పేలాక కూడా సైట్ల మీంచి చూపు తియ్యకుండా ఒక క్షణం అలాగే ఉండటం. మాగ్నం దగ్గర ఫ్లించ్‌ని ఆపేది ఈ అలవాటే. స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్‌ని మాత్రం పెల్లెట్ లేకుండా కాల్చొద్దు, పిస్టన్ పాడవుతుంది. డ్రై ఫైర్, అంటే ఖాళీగా ట్రిగ్గర్ నొక్కే సదుపాయం ఉన్న క్లబ్బు రైఫిల్ అయితే దాంతో గోడ మీద చుక్క చూసుకుంటూ ఎంత సేపైనా చెయ్యొచ్చు.

మన ఊరి గాలిలో ఇంకో సాధన ఉంది. బీచ్ రోడ్ పక్క ఇళ్లలో మే నెలలో చెయ్యి ఎప్పుడూ చెమటే. చెమట పట్టిన అరచేత్తో గ్రిప్ పట్టుకుంటే జారుతుందేమోనని తెలియకుండానే బిగిస్తాం, ఆ బిగువు ట్రిగ్గర్ వేలికి పాకుతుంది. జేబులో రుమాలు పెట్టుకుని ప్రతి షాట్‌కి ముందు తుడుచుకుని, వేళ్లు ఒకసారి వదులు చేసి మళ్లీ పట్టుకోవడం అలవాటు చేసుకోండి, కొలరాడో చలిలో గ్లవ్స్‌తో కాల్చేటప్పుడు కూడా ఇదే వదులు పనికొస్తుంది. లైసెన్స్ మీద 315 స్పోర్టింగ్ రైఫిల్ ఉన్న ఇళ్లున్నాయి మన దగ్గర, వాళ్లకి సముద్రపు గాలి సంగతి నేను చెప్పక్కర్లేదు, నూనె గుడ్డ వెయ్యకుండా రాత్రి వదిలేస్తే తెల్లారేసరికి బోల్ట్ మీద ఎర్ర చుక్కలు లేస్తాయి.

రేంజ్‌కి వెళ్లిన రోజు పూర్తయ్యాక స్కోపు రింగు స్క్రూలూ, స్టాక్ స్క్రూలూ బిగువు చూడండి, మాగ్నం వాటిని వదులు చేస్తుంది, గుళ్లు చెదిరితే ముందు చూడాల్సింది అదే. తిరిగి ఇండియాకి వచ్చేటప్పుడు రేంజ్‌కి తీసుకెళ్లిన బ్యాగుని ప్రయాణానికి వాడకండి. వాడక తప్పకపోతే ప్రతి జేబూ, ప్రతి జిప్పూ తిరగేసి దులపండి. అడుగున మర్చిపోయిన ఒక్క రౌండ్ ఎయిర్‌పోర్ట్ స్కానర్‌లో కనిపిస్తే ఆయుధాల చట్టం కింద కేసు అవుతుంది, జ్ఞాపకంగా తెచ్చుకుందామనుకున్న ఖాళీ ఇత్తడి కేసులు కూడా అక్కడే స్నేహితుడికి ఇచ్చేసి రండి.